నాయకుని ఆత్మపరిశీలనము

లోకములో ఏదో ఒక విధమైన పెద్దరికము వహింపని మానవుడు అరుదు. కుటుంబమునకు యజమాని, పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు, కార్యాలయమునకు అధికారి, ఆలయమునకు ధర్మకర్త, దేశమునకు పాలకుడు - వీరి పరిధులు వేరైనను స్థితి ఒక్కటే. వీరి మాటమీద ఇతరుల సుఖదుఃఖములు ఆధారపడి యుండును. శ్రేష్ఠుడు దేని నాచరించునో లోకము దానినే ప్రమాణముగా గైకొని అనుసరించునని గీతాచార్యుడు మూడవ అధ్యాయములో హెచ్చరించినాడు. సామాన్యుని దోషము చాలవరకు వానితోనే నిలుచును. నాయకుని దోషము అట్లు నిలువదు. అతని నీడలో బ్రతుకు వారందరును దాని ఫలమును అనుభవింపవలసి వచ్చును.

ఇట్టి బాధ్యత గలవానికి అన్నిటికంటె ముందు కావలసినది తన్ను తాను ఎరుగుట. కాని పీఠమెక్కినవానికి మిక్కిలి కష్టమైన కార్యమును అదియే. పదవి లేనివాడు పొరపాటు చేసినచో ఇరుగుపొరుగువారు మొగముమీదనే చెప్పుదురు. పదవి గలవానికి ఆ భాగ్యము లేదు. అతడు చెప్పిన చతురోక్తికి నవ్వు రాకున్నను నవ్వువారు, అతని కోపమును ధర్మాగ్రహమని పొగడువారు, అతని జాప్యమును దూరదృష్టి యని కొనియాడువారు చుట్టును చేరుదురు. ఎవని మొగమును వానికి చూపుటకు అద్దము కావలెను. పీఠము మొట్టమొదట హరించునది ఆ అద్దమునే.

అయినచో నాయకునకు తన్నుగూర్చిన ఎరుక ఎట్లు కలుగును? ఏకాంతమున కన్నులు మూసికొని కూర్చుండినంత మాత్రమున కలుగునా? శ్రీమద్రామాయణమును, పూర్వాచార్యుల చరిత్రములును పరిశీలించినచో ఒక విశేషము తెలియును. నాయకుడు ఒంటరిగా తన్ను తాను చూచుకొనజాలడు. ప్రశ్న యెదుట నిలిచినప్పుడు, హితము పలుకువాని యెదుట నిలిచినప్పుడు, సర్వస్వామియైన భగవంతుని యెదుట నిలిచినప్పుడు మాత్రమే అతనికి తన నిజరూపము కనబడును.

చిత్రకూటములోని ప్రశ్నలు

అన్నగారిని అయోధ్యకు మరల్చుకొని పోవలెనని భరతుడు చిత్రకూటమునకు వచ్చినాడు. జటలు ధరించి, నారచీరలు కట్టి, శోకముచే కృశించి పాదములపై బడిన తమ్ముని శ్రీరామచంద్రుడు లేవనెత్తి, అంకమున కూర్చుండబెట్టుకొని కుశలమడిగినాడు. ఆ కుశలప్రశ్నలే అయోధ్యాకాండమున 100వ సర్గగా విస్తరించినవి. రాజనీతి యంతయు అందు ఇమిడియున్నదని పెద్దలందురు. రాజనీతి యుండుట నిజమే. అంతకంటె గమనింపదగినది ఆ ప్రశ్నలలో అనేకము రాజ్యమును గాక రాజునే పరీక్షించుచుండుట.

నిద్రకు వశుడవు కాకున్నావు గదా? తగిన వేళకు మేల్కొనుచున్నావా? రాత్రి చివరి జామున కార్యములను గూర్చి ఆలోచించుకొనుచున్నావా? ఒక్కడవే కూర్చుండి నిర్ణయములు చేయుట లేదు గదా? అట్లని పెక్కుమందిని చేర్చుకొని ఆలోచనను బట్టబయలు చేయుట లేదు గదా? వేయిమంది మూర్ఖులకంటె ఒక్క పండితుడు మేలని ఎంచుచున్నావా? సైనికులకు భత్యమును వేతనమును జాగు చేయక వేళకు ఇచ్చుచున్నావా? శ్రీరాముడు ఇట్లు అడుగుచు పోయి యొకచోట కఠినమైన మాట యొకటి పలికినాడు. చేయని నేరము మోపబడి శిక్షింపబడినవారి కంటినుండి రాలు నీరు, తన సుఖముకొరకే పాలించు రాజుయొక్క పుత్రులను పశుసంపదను హరించునట! పాలకుని ఏమరుపాటునకు మూల్యము చెల్లించువారెవరో ఆ మాటవలన తెలియుచున్నది.

ఆ సర్గలోనే పాలకుడు విడువవలసిన పదునాలుగు దోషములును చెప్పబడినవి. నాస్తిక్యము, అసత్యము, కోపము, ఏమరుపాటు, చేయవలసినదానిని సాగదీయుట, జ్ఞానులను దర్శింపకుండుట, సోమరితనము, ఇంద్రియలోలత, కార్యములను ఒంటరిగా చింతించుట, విషయ మెరుగనివారితో మంతనమాడుట, నిశ్చయించినదానిని ఆరంభింపకుండుట, రహస్యమును కాపాడకుండుట, మంగళకార్యములను మానుట, అన్ని వైపులను ఒక్కసారిగా కలహమునకు లేచుట - ఇవి ఆ పదునాలుగు. వీనిలో శత్రువు తెచ్చిపెట్టునది ఏదియును లేదు. అన్నియు పాలకుని లోపలనే పుట్టి, లోపలనే పెరిగి, తరువాత రాజ్యముపై బడునవి. ఒంటరిగా చింతించుటయు దోషమే, అయోగ్యులతో చింతించుటయు దోషమే యని చెప్పుట మరింత సూక్ష్మము. సలహా అడుగుట మాత్రము చాలదు, ఎవరిని అడుగుచున్నాడో దానిని బట్టి పాలకుని అంతరంగము బయటపడును.

శ్రీరాముడు ఇవన్నియు ఆజ్ఞలుగా చెప్పవచ్చును. కాని ప్రశ్నలుగా అడిగినాడు. ఆజ్ఞను పైపైన పాటించి తప్పించుకొనవచ్చును. ప్రశ్న అట్లు విడువదు. అది లోపలికి పోయి సమాధానము వెదకును. పైగా అడుగబడినవాడు ఎవడు? రాజ్యము కాళ్ళయొద్దకు వచ్చినను వలదన్న భరతుడు. అట్టి నిష్కళంకునకే ఇన్ని ప్రశ్నలు అవసరమైనప్పుడు, ప్రశ్నింపబడుటకు అతీతుడైన నాయకుడు లోకములో ఎవడుండును?

హితవాక్యము విననివాని గతి

దీనికి ఎదురుగా లంకాధిపతి చరిత్రము నిలిచియున్నది. రావణుడు వేదవేత్త, తపస్వి, మహావీరుడు. అతనికి లేనిది జ్ఞానము కాదు, తన్నుగూర్చి ఇతరులు చెప్పు నిజమును వినగల చెవి. సీతాపహరణమునకు తోడ్పడుమని కోరినప్పుడు మారీచుడు వారించినాడు. ఇంపైన మాటలాడువారు ఎల్లప్పుడు దొరకుదురనియు, ఇంపు గాకున్నను మేలైన మాట చెప్పువాడును వినువాడును దొరకుట కష్టమనియు నచ్చజెప్పినాడు. దానికి లభించిన బహుమానము మరణభయము. చేయరాని పని చేసిన పిదప రావణుడు సభ తీర్చి ఆలోచన అడిగినాడు. ఈ ఆలోచన సీతను తెచ్చుటకు ముందే చేయవలసినదని కుంభకర్ణుడు నిండుసభలో ఆక్షేపించినాడు. విభీషణుడు మరి మరి బ్రతిమాలినాడు. అతడు కులమునకు కళంకమని నిందింపబడి, నలుగురు అనుచరులతో లంకను విడిచిపోయినాడు.

మూడుసార్లు అద్దము ఎదుటికి వచ్చినది. మూడుసార్లును రావణుడు దానిని త్రోసివేసినాడు. ఆ దోషము ఒక్కనిది. దగ్ధమైన గృహములు, వైధవ్యము పొందిన స్త్రీలు, నేలకొరిగిన కుమారులు మాత్రము ఒక్కనివారు కారు.

సముద్రమునకు ఈవల అదే విభీషణుడు శరణు కోరి వచ్చినప్పుడు శ్రీరాముడు నడచిన తీరు వేరు. సుగ్రీవుడు వలదన్నాడు. అంగదుడు, జాంబవంతుడు మొదలగువారు సంశయమును వెలిబుచ్చి, పరీక్షింపవలెనన్నారు. హనుమంతుడు స్వీకరింపదగునన్నాడు. శ్రీరాముడు అందరి మాటయు సావధానముగా విన్నాడు. విని, శరణాగతుని విడువకుండుట తన వ్రతమని తేల్చి చెప్పినాడు. చెప్పి, ఎదురాడిన సుగ్రీవునినే విభీషణుని తోడ్కొని రమ్మన్నాడు. అందరి మాట వినుటకును, తన ధర్మమును తాను ఎరిగి నిర్ణయించుటకును విరోధము లేదు. తన్ను తాను ఎరిగినవానికి ఇతరుల మాట భయము గొలుపదు. ఎరుగనివానికే ప్రతి భిన్నాభిప్రాయమును తిరుగుబాటుగా తోచును.

ఆకుకూర తెచ్చిన ఆచార్యుడు

శ్రీవైష్ణవ గురుపరంపరలో యామునాచార్యుల వృత్తాంతము ప్రసిద్ధము. నాథమునుల పౌత్రుడైన యామునుడు బాల్యములోనే ఆస్థానపండితుని వాదమున ఓడించి అర్ధరాజ్యమును గెలుచుకొన్నాడు. తమ్ము ఏలుటకు వచ్చినవాడను అర్థమున ‘ఆళవందార్’ అను పేరు అతనికి అప్పుడే కలిగినది. రాజ్యమేలుటలో అతడు తాతగారు సంపాదించిన పరమార్థమును మరచినాడు. అతనిని దర్శనప్రవర్తకునిగా చేయు భారము శ్రీరామమిశ్రులకు, అనగా మణక్కాల్ నంబికి, పరంపరగా వచ్చినది.

కాని రాజును చూచుట ఎట్లు? ద్వారపాలకులు బీదబ్రాహ్మణుని లోనికి పోనీయరు. నంబి రాజుగారి వంటవానిని పరిచయము చేసికొని, సాత్త్వికగుణమును పెంపొందించు ఒక ఆకుకూరను దినదినము తెచ్చి ఇచ్చుచు వచ్చినాడు. రాజు దానిని ప్రీతితో భుజించుచుండెను. ఇట్లు ఆరుమాసములు గడచినవని సంప్రదాయము చెప్పును. పిదప నంబి ఆ కూర తెచ్చుట మానినాడు. కొలదిదినములకు రాజు పళ్ళెరము చూచి, ఆ కూర ఏల లేదని అడిగినాడు. ఎవరో వృద్ధబ్రాహ్మణుడు తెచ్చుచుండెననియు ఇప్పుడు రాకున్నాడనియు వంటవాడు విన్నవించినాడు. అతడు మరల వచ్చినచో తనకడకు తోడ్కొని రమ్మని రాజు ఆజ్ఞాపించినాడు.

నంబి వచ్చినాడు. ధనము కావలెనా, భూమి కావలెనా యని రాజు అడిగినాడు. తాను అడుగవచ్చినవాడు కాననియు, తాతగారు దాచిన నిధి తనయొద్ద నున్నదనియు, దానిని అప్పగింపవచ్చితిననియు నంబి బదులు చెప్పినాడు. అతడు గీతార్థము నుపదేశించుచు రాగా యామునుని మనస్సు మారినది. తుదకు అతనిని శ్రీరంగమునకు తోడ్కొనిపోయి, పవళించియున్న శ్రీరంగనాథుని చూపి, ఇదియే ఆ నిధి యన్నాడు. రాజు సన్యాసియైనాడు.

ఈ కథలో నాయకులు నిలిచి ఆలోచింపవలసిన చోటు ఒకటి కలదు. ఆరుమాసములు ఆ కూర పళ్ళెరములో నున్నంతకాలము అది ఎక్కడినుండి వచ్చుచున్నదని రాజు అడుగలేదు. అది ఆగిన నాడు అడిగినాడు. ప్రతి నాయకుని జీవితమును ఇట్టిదియే. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చువారు, లెక్కలు వ్రాయువారు, అతని మాట పడి మౌనముగా పని నెరవేర్చువారు, ఇంట అతని ఆకలివేళ నెరిగి వడ్డించువారు - వీరి సేవ జరుగుచున్నంతకాలము అతనికి కనబడదు. తన సామర్థ్యముచేతనే సర్వము నడచుచున్నదని భావించును. ‘ఇది ఎవరివలన వచ్చుచున్నది?’ అను ప్రశ్న పుట్టిన క్షణముననే ఆత్మజ్ఞానమునకు వాకిలి తెరువబడును. యామునుని గొప్పతనము ఆ ప్రశ్న అడుగుటలోను, సమాధానము దొరకినప్పుడు సింహాసనము అడ్డము రాకుండ చూచుకొనుటలోను ఉన్నది.

ఈ యామున వృత్తాంతమునే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విస్తరించి, సింహాసనమును విడుచుచు యామునుడు కుమారునకు చేసిన రాజనీతిబోధను అందులో నిలిపినాడు. సింహాసనముపై కూర్చున్న చక్రవర్తి, సింహాసనమునుండి దిగిపోయినవానిచేత రాజనీతి చెప్పించుట ఊరక జరిగినది కాదు. పీఠమును విడువగలవానికే పీఠము తత్త్వము తెలియును.

పాదుకల యెదుట పాలన

ఇచట ఒక సందేహము కలుగును. అంతయు భగవంతునిదే, ఇతరుల సహాయముననే సర్వము జరుగుచున్నది అనుకొన్న నాయకుడు బాధ్యతనుండి తప్పుకొనడా? మంచి జరిగినప్పుడు తనదని, చెడు జరిగినప్పుడు దైవసంకల్పమని చెప్పువారు లోకములో లేరా?

ఉన్నారు. అట్టివారికి భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమే సమాధానము. ఏ కర్మకైనను దేహము, కర్త, ఇంద్రియములు, వివిధములైన ప్రాణచేష్టలు, దైవము అని హేతువులు ఐదు. ఐదు హేతువులుండగా తానొక్కడే కర్తనని తలచువాడు ఉన్నదానిని ఉన్నట్లు చూడజాలడని భగవానుడు స్పష్టపరచినాడు. ఐదవదియైన దైవము అంతర్యామియైన పరమాత్మయే యని భగవద్రామానుజులు వ్యాఖ్యానించి, ఒక చక్కని దృష్టాంతము చూపినారు. మిక్కిలి బరువైన రాతినో మ్రానునో కదలించుటకు పెక్కుమంది పూనుకొందురు. అది అందరివలన కదలినను, ప్రతియొక్కడును దానికి హేతువే. చేయుమను విధియు, చేయవలదను నిషేధమును ప్రతివానికి వర్తించును. భగవంతుడు తోడుపడుచున్నాడన్న కారణమున జీవుని పూనిక అబద్ధము కాదు, బాధ్యత తొలగదు. మ్రాను కదలినప్పుడు ‘నేనొక్కడనే కదలించితిని’ అనుట ఒక అసత్యము. కదలనప్పుడు ‘నేను పట్టుకొననే లేదు’ అనుట మరియొక అసత్యము. ఈ రెండును లేకుండ మాటలాడగలుగుటయే నాయకుని ఆత్మజ్ఞానము.

ఈ సత్యమును పదునాలుగేండ్లు బ్రతికి చూపినవాడు భరతుడు. శ్రీరామపాదుకలను శిరసున ధరించి తెచ్చి, నందిగ్రామమున వానికి పట్టము గట్టి, ఛత్రచామరములు వానికే పట్టించి, ప్రతి కార్యమును ముందు పాదుకలకు నివేదించి పిదప నెరవేర్చినాడు. ‘ఇది నాది’ అనలేదు, ‘నాది కాదు గదా’ యని ఉదాసీనుడును కాలేదు. అన్నగారు మరలివచ్చిన దినమున రాజ్యమును అప్పగించుచు, ధనాగారమును, ధాన్యాగారమును, సైన్యమును పదిరెట్లు చేసితిననియు, అది అన్నగారి తేజస్సువలననే జరిగినదనియు విన్నవించినాడు. పదిరెట్లయిన లెక్కను దాచలేదు, ఆ లెక్కలో తన్ను పెద్దగా చూపుకొననూ లేదు. పాదుకల యెదుట కూర్చున్నవానికి దొంగలెక్క వ్రాయు పని లేదు. శ్రీమద్వేదాంతదేశికులు ఆ పాదుకలను 1008 శ్లోకముల పాదుకాసహస్రమున స్తుతించుటలో ఆశ్చర్యమేమున్నది?

శ్రీవైష్ణవులు ప్రతి కైంకర్యమునకు చేయు సాత్త్వికత్యాగమునకును ఇదియే ప్రయోజనము. నేను స్వతంత్రముగా చేయుచున్నానను కర్తృత్వమును, ఇది నాదను మమతను, దీని ఫలము నాకే యను ఆశను - ఈ మూటిని విడుచుట అందలి సారము. పూజకు ముందు చేయు ఈ భావనను నాయకుడు తన సంతకమునకు ముందు, తన తీర్పునకు ముందు, ఇంట బిడ్డను దండించుటకు ముందు ఒక్క క్షణము చేసినచో ఎన్ని యన్యాయములు ఆగిపోవును! ఈ కోపము పని చెడినందులకా, తన మాట సాగనందులకా? ఈ మెప్పు వాని యోగ్యతకా, వాడు చేసిన పొగడ్తకా? ఈ జాప్యము విచారణకొరకా, నిజమును ఎదుర్కొను ధైర్యము చాలకనా? ఈ పనిలో ఇతరుని కష్టము తన పేరున చెల్లుచున్నదా? నాయకుడు ఈ ప్రశ్నలను దినాంతమున దేవునిగదిలో దీపము వెలిగించిన పిదప వేసికొనవలెను.

తన్ను తాను ఎరుగుట యనగా తన దోషములను మాత్రమే యెంచుకొని క్రుంగిపోవుట కాదు. సముద్రతీరమున వానరులందరు తమ తమ శక్తి చాలదని చెప్పుకొనుచుండగా హనుమంతుడు ఒకమూల మౌనముగా కూర్చుండెను. జాంబవంతుడు అతని జన్మవృత్తాంతమును బలమును గుర్తుచేసినాడు. అప్పుడు గాని సముద్రలంఘనము జరుగలేదు. ఉన్న శక్తిని లేదనుకొనుటయు అజ్ఞానమే. వినయమను పేరున నిర్ణయము చేయక తప్పించుకొను నాయకుడు తన్ను నమ్మినవారిని తీరముననే నిలిపివేయును. దోషమును చూపుటకు విభీషణుడు ఎంత అవసరమో, బలమును చూపుటకు జాంబవంతుడును అంత అవసరము.

తిరుమల యాత్రికునకు ఈ సత్యము అడుగడుగున కనబడును. రాజ్యమేలిన కులశేఖరాళ్వారు వేంకటాద్రిపై స్వామి వాకిట మెట్టుగా పడియుండవలెనని కోరినాడు. గర్భాలయపు గడపకు నేటికిని కులశేఖరపడి యనియే పేరు. ఏడు పర్యాయములు కొండకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవి, చిన్నాదేవి యనువారితో కూడి కంచువిగ్రహరూపమున స్వామి సన్నిధికి వచ్చిపోవువారి నడుమ చేతులు జోడించి నిలిచియున్నాడు. చక్రవర్తి తన్ను చిరకాలము లోకమునకు చూపదలచినది సింహాసనముపై కూర్చుండిన భంగిమలో కాదు. సన్నిధిలో శఠారి ప్రసాదించునప్పుడు ఏలువాడును, ఏలబడువాడును ఒకే విధముగా తల వంచవలెను. స్వామిపాదుకలు తలపై నుండు ఆ క్షణములో మానవునకు తన కొలత తెలియును. కొండ దిగి తన పీఠముపై మరల కూర్చుండిన పిదపను ఆ స్పర్శను మరువనివాడు సేవకులను కసరబోయి ఆగును, హితము చెప్పువానిని దగ్గరకు పిలుచును, తన పళ్ళెరములోని అన్నము ఎవరి చేతిమీదుగా వచ్చినదో అడిగి తెలిసికొనును. అట్టి యజమానులు ప్రతిగృహమునను, అట్టి నాయకులు ప్రతిగ్రామమునను వర్ధిల్లునట్లు శ్రీనివాసుడు అనుగ్రహించుగాక.